ఆకు పొట్లంలో పంచామృతం

సువార్త చెప్పబోతే నన్ను తిట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లెవరూ గుర్తులేరు. కోవిల్‌పట్టిలో రైలెక్కిన ఒక అవ్వ మాత్రం ఇప్పటికీ నన్ను వేధిస్తూనే ఉంది.

కళుగుమలై గుడిలో మొక్కు తీర్చుకుని వస్తోంది. గుండు మీద చందనం ఇంకా ఆరలేదు. నా చేతిలో బైబిలు చూసి ఆడవాళ్ల పెట్టెలో అందరూ కిటికీల వైపు తిరిగితే, ఆమె వచ్చి నా ఎదురుగా కూర్చుంది. అరవంలో మొదలుపెట్టాను. మా ఇంటి తెలుగే ఆమెదీ అని తెలిశాక తెలుగులో చెప్పాను. సిలువ దగ్గరికి వచ్చేసరికి, "అయ్యో, కన్నతల్లి చూస్తా నిలబడిందా?" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఒక ఆత్మ దొరికిందని పొంగిపోయాను.

విరుదునగర్ దగ్గరపడుతుండగా ఆమె జిగురు కారుతున్న ఆకు పొట్లం విప్పి నా ముందు పెట్టింది.

"పంచామృతమమ్మా. మా సామి పెసాదం, తిను."

"నేను తినరాదవ్వా. విగ్రహానికి పెట్టింది."

"ఒక్క వేలు నాకితే ఏమవుతాది?"

వివరించబోయాను. చివరికి, పొట్లం తగలకుండా బైబిలును ఒళ్లోకి లాక్కున్నాను.

ఆమెకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. పొట్లం మళ్లీ మడుస్తూ అంది: "నీ సామి కతంతా నేను వింటిని. నా సామిది నువ్వు ముట్టవు. ఎప్పుడూ మేమేనా పాపా, వినేది?"

రైలు ఆగింది. ఆమె ఆ జిగురు చేత్తోనే నా చేయి ఊతగా పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. విసుగ్గా వచ్చి కూర్చుని బైబిలు తెరిచాను. పుట నా వేళ్లకు అంటుకుపోయింది.