కీబోర్డుకు ప్రెజర్ టెస్టు

ఈ ఆదివారం పొద్దున, ఆఫీసులో కంప్యూటర్లు చూసే మలయాళీ ఆయన నా బల్ల మీద ఒక కొత్త కీబోర్డు డబ్బా పెట్టాడు. నా బల్ల అని రాసుకోవడమే ఎంతో బాగుంది. వార్త ముందే చెప్పేస్తాను, చివరిదాకా ఆపుకోవడం నా వల్ల కాదు. నలభై రెండో ఏట డిగ్రీ పాసయ్యాను, ఈ అరబ్బు దేశంలో, సులై అనే చోట మా కంపెనీ గోదాముల స్టోరుకు క్లర్కునయ్యాను. మా ఇంట్లో తాతల నుంచి వెతికినా డిగ్రీ దాకా వెళ్లినవాడు ఇంకొకడు దొరకడు. దూరవిద్యలో చదివాను. మూడుసార్లు సెలవు దొరికితే మూడూ పరీక్షలకే ఇచ్చేశాను. ఊరికి వెళ్లినా పుస్తకం ముందే కూర్చున్నానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఇంత సంతోషంలో ఉండి కూడా ఆ డబ్బా కనబడగానే నేను చేసిన మొదటి పని దాన్ని తిరగేసి, అంటించిన టేపును ఇంతకుముందు ఎవరైనా లేపారేమో అని గోటితో గీకి చూడటం. మలయాళీ ఆయన నవ్వాడు. ఆ అలవాటు నాది కాదు, మా కాకది.

కాక అంటే మా నాన్న తమ్ముడు, పైపు ఫిట్టరు. పద్దెనిమిదేళ్ల కింద నన్ను జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి ఇక్కడికి రప్పించింది ఆయనే. తన గదిలోనే పెట్టుకుని, వంట రాని నాకు వండి పెట్టిందీ ఆయనే. ఆయన దృష్టిలో లోకమంతా ఎక్కడో ఒకచోట కారుతూనే ఉంటుంది, కనిపెట్టడమే మన పని. గోదాముల్లో మంటలార్పే నీళ్ల పైపులు వేస్తాడు. వేసిన లైనులో నీళ్లు నింపి, పంపుతో ప్రెజర్ ఎక్కించి, వాల్వు మూసి, గేజి ముల్లు కదలడం లేదని తన కళ్లతో చూసుకున్నాకే సంతకానికి పంపుతాడు. వెనకెప్పుడో ఎవరో 'అంతా బాగానే ఉంది' అంటే నమ్మి, టెస్టు చేయకుండా అప్పగించిన లైను ఒకటి బియ్యం బస్తాల మీద కారిందట. అప్పటి నుంచి ఆయన దేన్నీ నమ్మడు. కోడిగుడ్డును చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తాడు. నీళ్ల సీసా మూత తిప్పినప్పుడు టక్కుమనకపోతే ఆ నీళ్లు తాగడు. ఫోనులో ఎవరైనా మరీ మర్యాదగా మాట్లాడితే పెట్టేస్తాడు.

డిగ్రీ ఫలితం వచ్చిన కొన్నాళ్లకే స్టోరులో క్లర్కు ఖాళీ ఉందని నోటీసు అంటించారు. డిగ్రీ ఉండాలి, టైపింగు రావాలి. ముదీర్, అంటే మా మేనేజరు, పరీక్ష పెడతానన్నాడు. వచ్చిన సరుకుల జాబితా చేతికిస్తాడు, పది నిమిషాల్లో తప్పుల్లేకుండా కొట్టాలి. పరీక్షకు తొమ్మిది రోజులుంది. నా పాత లాప్‌టాప్ మీద ఎప్పుడో చాయ్ ఒలికి సగం బటన్లు పనిచేయడం మానేశాయి. పాఠాలు వినడానికి సరిపోయేది గానీ టైపింగుకు పనికిరాదు. ఈ ఉద్యోగం రాకపోతే మళ్లీ ఎండలో పైపులు మోయడమే. ఆ సంగతి నాకంటే నా మోకాళ్లకు బాగా తెలుసు. అందుకే శుక్రవారం నమాజు అయ్యి దుకాణాలు తెరవగానే కీబోర్డు కొనడానికి కాకా నేనూ బత్తా బజారుకు వెళ్లాం.

దుకాణంలో ఉన్నది పెషావర్ వైపు పెద్దమనిషి. కాక డబ్బా అందుకుని ముందు వాసన చూశాడు, తర్వాత ఊపాడు.

"భాయ్, ఏ టేప్ దో బార్ చిప్కాయే క్యా?" అని, టేపు రెండుసార్లు అంటించావా అని తనకొచ్చిన హిందీలో అడిగాడు.

"చాచా, కీబోర్డ్ హై, దవాయీ నహీ," అన్నాడాయన నవ్వుతూ, ఇదేమన్నా మందా అన్నట్టు.

కాక నావైపు తిరిగి తెలుగులోకి దిగాడు. "నవ్వుతుండు సూడు. గిట్ల నవ్వెటోడు ఏదో దాస్తడు."

బటన్ల మీద ఇంగ్లీషు పక్కన అరబ్బీ అక్షరాలు కూడా ఉన్నాయి. అవి చూసి ఎవరో అరబ్బు ఇంట్లో వాడి పారేసింది మనకు అంటగడుతున్నాడన్నాడు. ఈ దేశంలో అన్నీ ఇలాగే వస్తాయని నేను చెబితే, "అందరికి గదే జెప్తరు," అన్నాడు. దుకాణదారు తన కంప్యూటరుకు తగిలించి, ఒక్కో బటనూ కొట్టి చూపించాడు. బాగా లేకపోతే వారంలో మార్చి ఇస్తానన్నాడు. రసీదు మీద తేదీ, ముద్ర రెండూ పడేదాకా కాక అక్కడి నుంచి కదల్లేదు.

ఆ సాయంత్రం గదిలో కొట్టి చూస్తే రేకుల మీద చినుకులు పడ్డట్టు చప్పుడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. శనివారం డ్యూటీ నుంచి వచ్చి మళ్లీ కూర్చుంటే ఒక్క అక్షరం పడలేదు. వేలు అదిమి పెట్టి ఉంచితే, పిలిచిన చాలాసేపటికి పలికే మనిషిలా, ఒకే ఒక్క అక్షరం తెర మీదికి వచ్చేది. వేలు తీసి మామూలుగా కొడితే మళ్లీ ఏమీ లేదు.

"నేను జెప్పలేదా? నిన్న బాగుండె, ఇయ్యాల పడుకున్నది. నిండ ముంచిండు," అన్నాడు కాక. ఆ రోజు సైటులో పని తొందరగా అయిపోయి ఆయన మధ్యాహ్నమే గదికి వచ్చేశాడు. మామూలు కంటే ఎక్కువ తిడుతున్నాడని అప్పుడు నాకు తోచలేదు.

సోమవారం సాయంత్రం కీబోర్డు పట్టుకుని మళ్లీ బత్తాకు వెళ్లాం. దుకాణదారు తన కంప్యూటరుకు తగిలించగానే అది చిలకలా పలికింది. ఆయన మమ్మల్ని కిందికీ పైకీ చూశాడు. మంచిది ఇంట్లో దాచి ఇంకోటి కొట్టేయడానికి వచ్చామనుకున్నట్టున్నాడు. ఇక్కడ పనిచేసి మా గదిలో చేయకపోవడం వెనక ఆయన కిటుకేదో ఉందని నా అనుమానం. ఆశ్చర్యం ఏమిటంటే కాక మాత్రం పైన తిరిగే ఫ్యాను చూస్తూ నిలబడ్డాడు. గదికి తెచ్చి పెడితే మళ్లీ అదే మొద్దు నిద్ర.

మంగళవారం దాన్ని తుడుస్తుంటే కుడివైపు షిఫ్టు బటను సందులో సన్నటి తెల్ల పోగు దొరికింది. పైపు మరలకు చుట్టే టేపు ముక్క. మా గదిలో ఆ టేపు వేళ్లకు అంటించుకుని వచ్చేది ఒక్కరే. అప్పుడు నా బుద్ధి పోకూడని చోటికి పోయింది. క్లర్కునైతే నేను స్టాఫ్ బిల్డింగుకు మారాలి, ఈ గదిలో కాక ఒక్కడే మిగులుతాడు. అందుకే చేశాడా? ఛీ అనుకున్నాను, మళ్లీ అదే అనుమానపడ్డాను. రెండు రోజులు ఆయన వండిన అన్నం తింటూ ఆయన ముఖం చూడలేదు.

గురువారం సాయంత్రం పప్పు వడ్డించి, గరిటె చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"బిడ్డా, ఒక మాట. కోపానికి రాకు."

"చెప్పు."

"శనివారం నేనే దాన్ని టెస్టు జేసిన. ఒక్కొక్క బటన్ వత్తి పట్టి పది లెక్కవెట్టిన. యాడన్న లీకుంటె పరీక్షకు ముందే తెల్వాలె గద. గీ కుడిదిక్కుది వత్తి పట్టి లెక్కవెడుతుంటె కూసింది. తెర మీద ఏదో రాసి వచ్చింది. ఫోన్ల లెక్క సరె అంటె పోతదని పెద్ద బటన్ కొట్టిన. పోయింది. గప్పటి సంది గిట్లయింది."

"మరి దుకాణంల ఎందుకు జెప్పలే?"

"ఆయనను అన్ని మాటలన్నంక ఏ మొకం వెట్టుకొని జెప్పాలె?"

ఎలా నొక్కాడో మళ్లీ నొక్కి చూపించమన్నాను. గరిటె కింద పెట్టి, చెయ్యి లుంగీకి తుడుచుకుని, గేజి ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు. మొద్దుబారిన బొటనవేలు షిఫ్టు మీద ఆనించి లెక్క మొదలుపెట్టాడు. ఎనిమిది అనేసరికి లాప్‌టాప్ కుయ్యిమంది. నేను ఆత్రంగా కొట్టి చూశాను. చినుకులు మళ్లీ పడ్డాయి.

"సూసినవా, ప్రెజర్ వెట్టంగనే దారికొచ్చింది," అన్నాడు. తర్వాత గరిటె మళ్లీ అందుకుని, "నా మీద నీకేమన్న అనుమానం వచ్చిందా?" అని అడిగాడు.

"లేదు కాకా."

తల ఊపి పప్పు గిన్నె నావైపు జరిపాడు. నాకు తెలిసి ఆయన గేజి చూడకుండా నమ్మిన మాట అదొక్కటే.

శుక్ర, శనివారాలు వేళ్లు నొప్పి పుట్టేదాకా కొట్టాను. ఆదివారం ముదీర్ ఇచ్చిన జాబితా ఇంకో నిమిషం ఉండగానే ముగించాను. ఆ తర్వాతి శుక్రవారం కాక నన్ను బత్తాకు తీసుకెళ్లి, అవసరం లేకపోయినా పెషావర్ ఆయన దగ్గర ఒక మౌసు కొన్నాడు. దుకాణంలో డబ్బా వాసన చూడలేదు. వీధి మలుపు తిరిగాక చూశాడు.

ఇవాళ మలయాళీ ఆయనకు ఇదంతా చెబితే అసలు సంగతి తెలిసింది. కుడి షిఫ్టును ఎనిమిది సెకన్లు వదలకుండా నొక్కితే కంప్యూటరు తన తీరు మార్చుకుంటుందట. చేతులు వణికేవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటట అది, పొరపాటున తగిలిన వేళ్లను లెక్క చేయదు. మారింది నా లాప్‌టాపే గానీ కీబోర్డు కాదు, అందుకే అది దుకాణంలో పలికింది. అది విని కాకకు ఫోన్ చేశాను, కొత్త కీబోర్డు వచ్చిందన్నాను. "టేపు సూసినవా?" అన్నాడు. చూశానన్నాను. వచ్చే వారం స్టాఫ్ బిల్డింగుకు మారాలి, ఆ మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు. ఒక యంత్రం మారడానికి ఎనిమిది సెకన్లు చాలునట. నేను ఈ బల్ల దగ్గరికి చేరడానికి ఆ మొద్దుబారిన చెయ్యి పద్దెనిమిదేళ్లు నన్ను వదలకుండా పట్టుకోవలసి వచ్చింది.