చేత్తో ఒలిచిన పొట్టు

నా చిన్నప్పుడు, నా కళ్ళ ముందే ఒక ముసలాయన దొంగ అనిపించుకున్నాడు. ఆయన దొంగ కాదని అక్కడ చేరినవాళ్ళలో ఆయనకు కాక నాకొక్కడికే తెలుసు. ఎందుకంటే దొంగను నేనే. నోరు తెరిచి ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ వయసును అడ్డం పెట్టుకుని నన్ను నేను క్షమించుకోవాలని చాలాకాలం చూశాను. కుదరలేదు.

మా ప్రాంతం అప్పటికింకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. ఆదిలాబాద్ జిల్లాలో బొగ్గు బావుల పక్కన, కార్మికుల కోసం కట్టిన క్వార్టర్ల వరుసలో మా ఇల్లు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు ఆ వరుసలో ఉండేవారు. ఇంటింటికీ వెనక చిన్న పెరడు. మా బాపు బావిలోకి దిగి బొగ్గు కొట్టేవాడు. ఆ ఎండాకాలం పైనుంచి బొగ్గు పెళ్ళ విరిగిపడి ఆయన కాలు విరిగింది. మంచంలో పడ్డాడు. పూటకు ఇన్ని అని గింజలు కొలుచుకుని వండుకునే రోజులు వచ్చాయి.

మా అవ్వ పెరటినే నమ్ముకుంది. మా వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. స్నానం చేసిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు, అన్నీ గెనుసుగడ్డల మడికే మళ్ళించేది. వంటింటి మూలలో ఒక కుండ నిండా విత్తనపు పల్లికాయ దాచింది. మా అమ్మమ్మ ఊరి నుంచి పంపిన కాయ అది. మృగశిర కార్తెలో మిరుగం వాన పడగానే పెరట్లో మిగిలిన సగంలో పల్లి వేయాలని ఆమె ఆలోచన. గడ్డలు ఇప్పటికి, పల్లి ఆ తర్వాతికి. బాపు లేచి నడిచేదాకా మాకున్నవి ఆ రెండే.

అప్పుడే పందికొక్కులు దిగాయి. గట్ల మీద రోజుకో కొత్త మట్టి కుప్ప లేచేది. పైన తీగ పచ్చగానే ఉండేది. పట్టి లాగితే ఏ బరువూ లేకుండా చేతికి ఊడి వచ్చేది. గడ్డ ఉండాల్సిన చోట కొరికి వదిలిన తొక్క. ఒక ఉదయం అవ్వ వరసగా ఆరు తీగలు లాగి, ఆరింటినీ ఒళ్ళో పెట్టుకుని ఆ మడిలోనే కూర్చుండిపోవడం నాకు గుర్తుంది. కొన్నాళ్ళకు వంటింట్లో, విత్తనాల కుండ వెనక, మట్టి నేలను తొలుచుకుని కూడా ఒక బొరియ తేలింది.

ఆ బొరియే నాకు ధైర్యం ఇచ్చింది. మొదట రెండు కాయలు తీసుకున్నాను. పొట్టును బొరియలోకి నెట్టాను. తర్వాత గుప్పెడు. అవ్వ నీళ్ళకు పోయిన ప్రతిసారీ నా చెయ్యి ఆ కుండలోకి పోయేది. ఆకలి అని చెప్పుకోవచ్చు, ఆకలి నిజమే. కానీ నాకు పెట్టాక అడుగున మిగిలిందే ఆమె తింటోందని నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఆమెకు నాకంటే ఎక్కువ ఆకలి. తెలిసే తిన్నాను.

కుండ తేలికైందని ఒకనాడు అవ్వ కనిపెట్టింది. మూత తీసి చూస్తే సగం లేదు. కుండ వెనక బొరియ కనిపించింది. నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. "గీ కొక్కుల నోట్లె మన్ను వడ, విత్తనం గూడ కొంచవోయినయి" అని ఏడ్చింది. నా గుండె తేలికపడిందని రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. కానీ అదే జరిగింది.

మర్నాడు ఆమె కొక్కుల తాతను పిలిపించింది. ఆయన పేరేమిటో మాలో ఎవరికీ తెలియదు. వాగు ఒడ్డున నాలుగైదు గుడిసెల్లో ఉండేవాళ్ళలో ఆయన ఒకడు. పొలాల్లో, పెరళ్ళలో ఎలుకల్నీ కొక్కుల్నీ పట్టడం వాళ్ళ పని. భుజానికి గుడ్డ జోలె, చేతిలో ఇనుప గునపం, వెదురుతో అల్లిన పొడుగాటి బుట్ట, అడుగున చిన్న చిల్లి ఉన్న పొగకుండ. బొరియ తవ్వితే లోపల కొక్కు దాచుకున్న గింజ ఏదైనా సరే, తవ్వినవాడిదే. అదే వాళ్ళ కూలి. అందరికీ తెలిసిన పద్ధతే. అయినా అవ్వ ముందే చెప్పింది.

"విత్తనపు కాయ దొరికితే నాకియ్యాలె తాతా. మిగిలింది నీదే."

"విత్తనం నేనేం జేసుకుంట బిడ్డా, నాకేమన్న పెరడున్నదా?" అని ఆయన నవ్వాడు.

మొదటి రోజు సాయంత్రం ఆయన ఏమీ తవ్వలేదు. కనిపించిన ప్రతి బొరియనూ తడిమట్టితో మూశాడు, అంతే. చూస్తూ నిలబడిన నన్ను వదల్లేదు. "ఉత్తగ నిలవడ్తె ఎట్ల చిన్న దొరా, మన్ను పిసుకు" అని పనిలో పెట్టాడు. ఎందుకు మూస్తున్నావని అడిగాను. "కొక్కు లోపలున్నదా అని అడిగితే చెప్తదా? మనం తలుపు మూసి పోవాలె. ఉంటే పొద్దుగాల్లకు అదే తీస్తది" అన్నాడు. అన్నట్టే తెల్లారేసరికి పద్నాలుగు బొరియల్లో మూడే తెరుచుకుని ఉన్నాయి.

రెండో రోజు ఆ మూడింటి దగ్గరే పని. ఒక బొరియ మూతికి వెదురు బుట్ట బిగించాడు. రెండోది గట్టిగా మూశాడు. మూడో దాని మీద పొగకుండ బోర్లించి, లోపల పచ్చిగడ్డి, పిడక ముక్కలు రాజేసి, చిల్లి దగ్గర నోరు పెట్టి ఊదాడు. ఆయన చెంపలు ఉబ్బినప్పుడల్లా నేల లోపల పొగ నడిచేది. కాసేపటికి బుట్టలో దబ్బున ఏదో వచ్చి పడింది. పిల్లి అంత కొక్కు. ఆ పొద్దుటే మూడు పట్టాడు. నేను ఎగిరి గంతులేశాను.

మధ్యమధ్య ఆయన నాకు పాఠం చెప్పాడు. కొరికిన గడ్డ ఒకటి చేతికిచ్చి, పక్కపక్కన పడిన రెండు లోతైన గీతలు చూపించాడు. "గిది కొక్కు పన్ను. గిది చిట్టెలుక, సన్నగ గీకింది. గీ బొక్క పురుగు తొలిచింది. తిన్నోడు ఎంత ఉరికినా గుర్తు ఇడిచే పోతడు." అప్పుడు ఆయనకు ఏమీ తెలియదు. నాకు మాత్రం బొరియలోకి నెట్టిన పొట్టు గుర్తొచ్చింది.

మధ్యాహ్నం ఆయన భార్య అంబలి తెచ్చింది. గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు ఉన్న మనిషి. ఆయన తాగేదాకా కూర్చుని, ఖాళీ ముంత గంపలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆయన వంటింటి గోడ వెంట తవ్వడం మొదలుపెట్టాడు. అవ్వ బాపుకు కాలు కట్టు మారుస్తోంది. పక్కన నేనొక్కడినే ఉన్నాను. గునపం కింద బొరియ విచ్చుకుంది. కొన్ని జొన్న కంకులు, నాలుగు గెనుసు ముక్కలు, ఆ వెనక నా పొట్టు. చాలా ఉంది. అంత తిన్నానని నాకే తెలియదు.

ఆయన ఒక కాయ పొట్టు తీసి వెలుగులో తిప్పి చూశాడు. మొన దగ్గర నొక్కితే రెండు దోనెలుగా విచ్చుకున్న పొట్టు. ఎక్కడా పంటిగాటు లేదు. ఇంకోటి తీశాడు. ఇంకోటి. తర్వాత నా వైపు చూశాడు. కోపం లేదు. ఆ పొట్టు నా అరచేతిలో పెట్టి నా వేళ్ళు తానే మూశాడు. "అవ్వకు నువ్వే చెప్పు, జర నిమ్మళంగ" అన్నాడు. మిగిలిన పొట్టంతా గబగబా ఎత్తి తన జోలెలో పోసుకున్నాడు, మా అవ్వ కంట పడకుండా.

అవ్వ వచ్చి విత్తనం ఏదని అడిగింది. "తిన్నది బిడ్డా, గింజ మిగల్చలే" అన్నాడు. అవ్వ ముఖం వాడిపోయింది. తవ్విన గుంతలోకి వంగి చూసి, "తింటే పొట్టన్న ఉండాలె గద తాతా" అంది. అడగాలని అడిగింది కాదు, ఆశ చావక అడిగింది. ఆయన తడబడ్డాడు. "మన్నుల కలిసిపోయింది" అన్నాడు. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు.

గోడ అవతలి నుంచి పక్కింటి చిన్నమ్మ ఆ మాట విన్నది. "సగం కుండ మన్నుల కలుస్తదా అక్కా? జోలె దులుపుమను, తెలుస్తది" అంటూ వచ్చేసింది. ఆమె వెనక మరో నలుగురు. ఎవరో జోలె లాగి నేల మీద కుమ్మరించారు. జొన్న కంకులు, గెనుసు ముక్కలు, వాటి మీద కుప్పగా పల్లికాయ పొట్టు.

చిన్నమ్మ గుప్పెడు పొట్టు ఎత్తి అందరికీ చూపించింది. "చూడుండ్రి, ఒక్కదానికన్న పంటిగాటున్నదా? చేతులతోటి ఒలిచినయి. కొక్కుకు చేతులుంటయా?" అందరూ నవ్వారు. "తిన్నకాడికి తిన్నడు, ఉన్నది పెండ్లాం గంపల వంపిండు. తెచ్చుడు అంబలి, కొంచవోవుడు పల్లికాయ!" అని ఇంకొకామె అందుకుంది.

ఆయన ఒక్కసారి నా వైపు చూశాడు. చెప్పమని ఆ చూపులో లేదు. చెబుతానేమో అని చూశాడు, అంతే. నా గుప్పిట్లో ఆయన పెట్టిన పొట్టు నలిగి అరచేతిలో గుచ్చుకుంటోంది. నేను నేల చూపులు చూశాను. చిన్నమ్మ పొగకుండను కుడికాలితో తన్నింది. అది రాయికి తగిలి మూడు ముక్కలైంది. ఆయన ఆ ముక్కల్ని ఏరుకుని జోలెలో వేసుకున్నాడు. పట్టిన కొక్కుల్ని కూడా వదిలేసి వెళ్ళిపోయాడు. నేను పొయ్యి దగ్గరికి పోయి నా చేతిలోది మంటలో పడేశాను.

ఆ వరుసలో ఆయన్ని మళ్ళీ ఎవరూ పిలవలేదు. నెల తిరక్కముందే కొక్కులు ఇంటింటి పెరటినీ దున్నేశాయి. అవ్వ మిగిలిన సగం విత్తనం వేసింది. మొలకలు వచ్చినవి వచ్చినట్టే పోయాయి. ఆ వానకాలం మేము ఏం తిన్నామో నేను రాయలేను.

ఒకరోజు ఖాళీ మడిలో అవ్వ కూర్చుని ఉండగా చూడలేక అంతా చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నా చెయ్యి పట్టుకుని వాగు దగ్గరికి నడిపించింది. అక్కడ గుడిసెలు లేవు. పొయ్యి రాళ్ళు మూడు ఉన్నాయి. గోదావరి దాటి ధర్మపురి దిక్కు పోయారని పశువులు కాసే మనిషి చెప్పాడు. ఇంటికి వచ్చాక అవ్వ ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. కొడుకు దొంగ అని ఏ తల్లి చాటుకుంటుంది? బతికినంత కాలం నాతోనూ మళ్ళీ ఎత్తలేదు. పల్లికాయ మాత్రం ముట్టలేదు.

పెద్దయ్యాక నాకు బడిపంతులు ఉద్యోగం వచ్చింది. ధర్మపురి వైపు ఊరైతే మేలని నేనే అడిగి వేయించుకున్నాను. కుమ్మరి దగ్గర కూర్చుని, అడుగున చిల్లితో ఒక పొగకుండ చేయించాను. సెలవు రోజుల్లో అది సంచిలో పెట్టుకుని తిరిగేవాడిని. రెండో ఏడు గోదావరి మెట్ల దగ్గర బుట్టలు అమ్ముకునే ముసలామె గడ్డం మీద మూడు చుక్కలు చూశాను.

నేనెవరో చెప్పాను. ఏం చేశానో చెప్పాను. ఆమె అల్లుతున్న బుట్ట ఆపలేదు.

"గా దినం ఇంటికొచ్చి చెప్పిండు" అంది. "పోరడు ఇయ్యాల గాకుంటె రేపు చెప్తడు, మల్ల పిలుస్తరు అన్నడు. నాలుగు దినాలు గక్కన్నే ఆగినం."

వాళ్ళు ఆగిన ఆ నాలుగు రోజులూ నేను బడికి పోయాను, గోలీలు ఆడాను. ఆయన ఆ తర్వాత గునపం ముట్టలేదట. బుట్టలు అల్లుతూనే కన్నుమూశాడట. నేను సంచిలోంచి కుండ తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని చేత్తో కూడా తాకలేదు.

"ఊదేటోడు లేడు. కుండేం జేసుకోను బిడ్డా? తీస్కపో."

ఆ ఎండాకాలం సెలవుల్లో మా పాత క్వార్టర్లకు వెళ్ళాను. ఆ రోజు నిలబడి చూసినవాళ్ళ ఇళ్ళకు ఒక్కొక్క ఇంటికీ పోయి, పల్లికాయ తిన్నది నేనని చెప్పాను. రెండు ఇళ్ళలో మనుషులు మారిపోయారు. ఒకాయన "ఏ ముసలోడు?" అని అడిగాడు. ఇంకొకామె నవ్వి చాయ్ ఇచ్చింది. చివరికి పక్కింటి చిన్నమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమెకు చూపు తగ్గింది. నేను చెప్పిందంతా విని చాలాసేపు తన కుడికాలి వంక చూసుకుంది.

"గిన్నేండ్ల సంది దొంగను వట్టిన అనుకుంటున్న గదర" అంది. "నీ బరువు దించుకుందామని వచ్చి నా నెత్తిన వెడ్తివి."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నేను లేచి ఆమె పెరట్లోకి వెళ్ళాను. అక్కడ మట్టి కుప్పలు కనిపించాయి. మట్టి తడిపి బొరియలన్నీ మూశాను. రాత్రికి అక్కడే ఉండి, తెల్లారి లేచి ఏవి తెరుచుకున్నాయో చూశాను. చిన్నమ్మ ఇంట్లోని వెదురు బుట్ట ఒక బొరియ మూతికి బిగించాను. సంచిలోని కుండ తీసి ఇంకో దాని మీద బోర్లించి ఊదాను. పొగ నా కళ్ళలోకే కొట్టింది. ఆ పూటంతా ఊదినా ఒక్క కొక్కూ పడలేదు. చిన్నమ్మ గడప మీద కూర్చుని చూస్తోంది. ఆపమని ఆమె అనలేదు, నేనూ ఆపలేదు. మర్నాడు మళ్ళీ మట్టి తడిపాను.