సాగర్ కాలవలో దొరకని న్యూట్

మా అన్న పోయాక కూడా ఊళ్ళో ఆయన మాట వస్తే నవ్వుతున్నారు, కప్పపిల్లని పెంచుకున్న పిచ్చోడని. రేపు ఆయన కూతురు పెద్దదై ఈ మాట వింటుంది. అప్పటికి అసలు సంగతి ఒకచోట ఉండాలని రాస్తున్నాను.

మాచర్ల దగ్గర నాపరాళ్ళు కోసే మిషన్‌లో అన్న కుడిచేతి వేళ్ళు పోయాయి. నేను బడిలో చదివింది పదో తరగతే, మిగతా చదువంతా గ్రంథాలయంలో. అక్కడ ఒక జంతుశాస్త్రం పుస్తకంలో న్యూట్ల గురించి చదివి అన్నకి చెప్పాను. చూడటానికి బల్లిలా ఉన్నా బల్లి కాదు, కప్పకి చుట్టం. ఉభయచరాల్లో తోక ఉండే వర్గం, సాలమాండర్ల కుటుంబం. యూరప్, అమెరికా, చైనా, జపాన్‌లలో రకరకాలున్నాయి. మన దేశంలో డార్జిలింగ్, సిక్కిం, మణిపూర్ వైపు కొండల్లోనే. కాలు తెగితే మళ్ళీ మొలుస్తుంది.

"వేళ్ళతో సహానా?" అన్నాడు అన్న.

"వేళ్ళతో సహా."

"మన సాగర్ కాలవలో ఉండదా?"

"ఉండదన్నా. దానికి చల్లటి కొండలు కావాలి."

"రెంటచింతల ఎండకి మనమే ఉండలేకపోతన్నాం, అదేడుంటదిలే" అని నవ్వాడు.

అయినా వానలు పడగానే కాలవ గట్టు కింద గుంటలో ఒకదాన్ని పట్టుకొచ్చాడు. నాలుగు కాళ్ళు, పొడుగు తోక. వదిన బియ్యం కడిగే బేసిన్‌లో వేశాడు.

"ఏందయ్యా, బియ్యం నీ నెత్తిన కడగనా?" అంది వదిన.

"కొన్నాళ్ళు ఓర్చుకోవే. తమ్ముడు చెప్పింది ఇదే."

"ఇది కప్పపిల్ల, అన్నా. దీని తోక కరిగిపోద్ది. న్యూట్‌కి పెద్దయినా ఉంటది" అన్నాను.

"చూద్దాంలేరా."

దాని కాలు తెంచి చూడమని ఎవరో ఎగతాళి చేస్తే, అన్న వాళ్ళతో మాట్లాడటం మానేశాడు. పొద్దున్నే టీ కూడా తాగకుండా బేసిన్ దగ్గర కూర్చునేవాడు. తోక రోజురోజుకీ పొట్టిదవుతోంది. వదిన సణుగుడు మాని, బియ్యం అన్నం గిన్నెలోనే కడగటం మొదలుపెట్టింది.

ఒక పొద్దున తోక లేదు. బేసిన్ అంచు మీద చిన్న కప్ప కూర్చుని ఉంది.

"నీ పుస్తకమే కరెక్టురా" అన్నాడు అన్న. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని కాలవ దాకా నడిచాడు. నేనూ వెళ్ళాను. వదిలేశాక కుడిచెయ్యి తువ్వాలు కింద పెట్టుకున్నాడు. మళ్ళీ నన్నెప్పుడూ పుస్తకంలో ఏముందని అడగలేదు.

అడిగినప్పుడల్లా ఆ పుస్తకం తీసిపెట్టిన గ్రంథాలయం బాబాయికి, ఇది రాస్తుంటే పక్కన కూర్చుని తప్పులు దిద్దిన వదినకి నా కృతజ్ఞతలు. ఆ బేసిన్‌లో వదిన ఇప్పటికీ బియ్యం కడగటం లేదు.