మాచిపత్రి సెగ

కొన్నేళ్లుగా ఇది ఎవరికీ చెప్పలేదు. డైరీలో వాన గురించి, చదివిన కథల గురించి రాసుకుంటాను. దీని దగ్గరికి వచ్చేసరికి పేజీ తిప్పేస్తాను. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది మణుగూరు పక్క పల్లె. డిగ్రీ అయి ఇంట్లో ఉన్న రోజుల్లో చైనా సంప్రదాయ వైద్యం మీద ఒక పుస్తకం దొరికింది. ఒంట్లో ప్రాణశక్తి దారులు కట్టి పారుతుందట, అది ఆగిన చోట జబ్బట. నాలుక చూస్తారు, మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి నాడి పడతారు, సూదులు గుచ్చుతారు, వీపు మీద గాజు కప్పులు బోర్లిస్తారు. నలుగురిలో నోరు విప్పలేని నాకు, మనిషిని మాటల్లేకుండా చదివే ఆ వైద్యం ఎంత నచ్చిందో! సూదులంటే భయం. చివర్లో ఇంకో పద్ధతి ఉంది. ఎండిన ఆకు నలిపి, కాగితంలో చుట్టి, వెలిగించి, చర్మానికి తగలకుండా సెగ చూపడం. బొమ్మ చూస్తే మన మాచిపత్రిలాగే ఉంది. వినాయకుడి పూజకు తెచ్చేదే. ప్రమాదమేముంది అనుకున్నాను.

మా నాయనమ్మకు షుగరు. పాదాలు మొద్దుబారాయని బాధపడేది. ఇంట్లో ఎవరూ లేని ఒక మధ్యాహ్నం లావుపాటి బీడీలా చుట్టి వెలిగించాను.

"సురుక్కుమంటే చెప్పు నాయనమ్మా."

"ఏమంటలేదు బిడ్డా. ఇంకింత దగ్గర వెట్టు. కాలు సంగతేమో గానీ, ఈ పొగకు దోమలన్న పోతయ్."

దగ్గర పెట్టాను. మొద్దుబారిన పాదాన్నే వేడి తెలుస్తోందా అని అడిగాను. అంత చదివిన నాకు ఇది ఎందుకు తట్టలేదు?

ఆ సాయంత్రం వదిన ఆమెకు స్నానం చేయించింది. తెల్లారి చూస్తే వేళ్ల కింద బొబ్బలు. అమ్మ వదిన మీద విరుచుకుపడింది. "కాగే నీళ్లు పోస్తివా? కండ్లు ఏడ వెట్టినవ్?"

"చెయ్యి పెట్టి చూసిన అత్తమ్మా." అప్పటికి వదిన కొత్త కోడలు.

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు ఈడనే ఉన్నవ్ గదా. నీళ్లు ఎట్లుండె?"

"పొగలొస్తుండె."

అబద్ధం కాదు. వేణ్ణీళ్లకు పొగలొస్తాయి. ఆ నిజం చాటునే దాక్కున్నాను. నాయనమ్మ నా వంక చూసి ఊరుకుంది. ఆమెకు తెలిసిందా? తెలిసే ఊరుకుందా?

పుండు మానలేదు. భద్రాచలం దవాఖానాలో రెండు వేళ్లు తీసేశారు. నాయనమ్మ పోయేదాకా కుంటుతూనే నడిచింది. చుట్టాల్లో వదినకు మాత్రం ముసలామె కాలు కాల్చిన కోడలన్న పేరు ఉండిపోయింది.

ఇప్పుడు వదినకు పాప. స్నానం నీళ్లలో మోచెయ్యి పెట్టి చూసుకుంటుంది. అయినా పొయ్యదు. నన్ను పిలుస్తుంది. "జర నువ్వు గూడ చూడు పిల్లా. రేపు నన్నే అంటరు." నేను చెయ్యి పెట్టి "బాగున్నయ్ వదినా" అంటాను. ఆమెకు సాక్షి కావాలి. ఆమె నమ్మే సాక్షిని నేనే.

నాయనమ్మ కాలు కాల్చింది నేను. నీళ్లు కాదు, వదిన కాదు. ఈ మాట రాశాక గుండె కాస్త తెరిపిన పడింది. క్షమించమని అడగడం లేదు, అడగాల్సింది మిమ్మల్ని కాదు.

వదిన పిలుస్తోంది. నీళ్లు చూడాలట.