నీళ్లు మరగనిదే పట్టకారు ముట్టని మనిషి

మా పక్కింటి నర్సమ్మ చనిపోయిందని పోయిన వారం పొద్దున్నే ఎదురింటామె వచ్చి చెప్పింది. మగ్గం గుంతలో నుంచి లేచి, చొక్కా అయినా వేసుకోకుండా పోయాను. నాకంటే ముందే పండ్ల డాక్టరుగారు వచ్చి ఉన్నారు. ఆమె మెడలో చామంతుల దండ వేసి, చుట్టూ చేరినవాళ్లతో చెబుతున్నారు: "మా క్లినిక్కులోనే పని నేర్చుకునింది. శుభ్రతంటే ప్రాణం పెట్టేది పాపం."

అందరూ తలలూపారు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఆమె విషయంలో నేను నోరు మూసుకోవడం అది రెండోసారి. అందుకే ఇది రాస్తున్నాను. ఎవరినీ ఓదార్చడానికి కాదు.

ఆమె పందొమ్మిది వందల డెబ్బైల మొదట్లో మా వీధికి వచ్చింది. భర్త లేడు, పిల్లలు లేరు. మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుని, మా ఊరి పండ్ల డాక్టరు దగ్గర చేరింది. వీధిలో ఏ పిల్ల ఎదురైనా ముందు చేతులు చాపమనేది, గోళ్లు చూసేది. హోటల్లో కాఫీ తాగాలంటే తన ఎదుటే గ్లాసును వేడినీళ్లతో కడగాలి. "ఏమమ్మా, మా గ్లాసుకేమన్నా రోగమా?" అని హోటలాయన ఒకసారి ఎగతాళి చేశాడు. "గ్లాసుకు కాదప్పా. ముందు తాగినోనికి ఉండొచ్చు. నాకెట్ల తెలుస్తాది?" అంది. ఆయన గ్లాసు వెనక్కి తీసుకుని ఆమె ఎదుటే మళ్లీ కడిగాడు.

క్లినిక్కులో ఒక కుర్చీ, పళ్లు పీకే పట్టకార్లు రెండు, ఒక గాజు సిరంజి ఉండేవి. ఒక మనిషికి వాడింది ఇంకొక మనిషి నోట్లో పెట్టాలంటే మధ్యలో ఇరవై నిమిషాలు నీళ్లలో మరగాల్సిందే. గోడ గడియారం చూసి మరీ తీసేది. కరువొచ్చిన ఏడు అసలు చిక్కు మొదలైంది. బావులెండిపోయాయి. కొళాయి నాలుగు రోజులకొకసారి వచ్చేది. కిరసనాయిలుకు వరుసలో నిలబడాలి.

"ఒక్కొక్కరికీ ఉడకబెడతా కూర్చుంటే ఎట్లమ్మా? స్పిరిట్‌తో తుడువు, చాలు" అన్నారట డాక్టరు.

"తుడిస్తే కనపడే రక్తం పోతాది సార్. కనపడనిది పోదు" అందట.

మరుసటి రోజు నుంచి తన ఇంట్లో తాగడానికి పట్టుకున్న నీళ్లనే బిందెతో చంకన పెట్టుకుని క్లినిక్కుకు మోసుకుపోయేది. కొళాయి దగ్గర నిలబడి మేమంతా నవ్వేవాళ్లం, పట్టకారుకు తాగే నీళ్లా అని. నేనూ నవ్వాను. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ వేసవిలోనే చెల్లెలి కాన్పు అని ఆమె చిలమత్తూరు పోయింది. సరిగ్గా అప్పుడే నాకు దవడ పన్ను నొప్పి. క్లినిక్కుకు పోయేసరికి కుర్చీలో చెంప ఉబ్బిన ముసలాయన ఉన్నాడు. డాక్టరు అతని పన్ను పెరికి, అప్పటికే ఎర్రబడిన పళ్లెంలోని నీళ్లలో పట్టకారు ముంచి, గుడ్డతో తుడిచి, నా వైపు తిరిగారు. నేను చూశాను. చూసి కూడా నోరు తెరిచాను. ఆయన డాక్టరు, నాకు నొప్పి. నా తరువాత శనక్కాయల చేనులో కూలికి పోయే ఒకామె కూర్చుంది. ఆమెకూ అదే పట్టకారు.

మూడోనాటికి నా మెడ వాచిపోయింది. అనంతపురం పెద్దాసుపత్రిలో దవడ కింద కోసి చీము తీశారు. బతికాను. ఆ కూలామెను పెద్దాసుపత్రికి తీసుకుపోయేవాళ్లు లేరు. ఊపిరాడక వాళ్లూర్లోనే చనిపోయింది. ఆమె మొగుడు అర్జీ పెట్టుకున్నాడు. విచారణకు ఆఫీసరు వస్తాడన్నారు.

అప్పుడు డాక్టరుగారి అన్న మా ఇంటికి వచ్చాడు. ఆయన పట్టు షావుకారు. మా మగ్గానికి పట్టు ఇచ్చేది ఆయనే. చేతిలో ముందే రాసి తెచ్చిన కాగితం. నాకు ముందు నుంచే వాపు ఉండిందని, పనిముట్లు ఉడకబెట్టడం నేను కళ్లారా చూశానని అందులో ఉంది.

"పెట్టు నాయనా సంతకం" అన్నాడు మా నాయన. "మగ్గం నిలిచిపోతే ఏమి తింటాం?"

దవడకు కట్టుతోనే సంతకం పెట్టాను.

మా ఇంటి నుంచి ఆయన నేరుగా, అప్పటికే ఊరు తిరిగొచ్చిన నర్సమ్మ ఇంటికి పోయాడు. గోడకు ఇవతల అంతా వినిపించింది. చిలమత్తూరు పోకముందే అన్నీ ఉడకబెట్టి పెట్టానని విచారణలో చెబితే చాలన్నాడు.

"నేను ఊర్లోనే లేను. అంతకు రెండు దినాల ముందు ఉడకబెట్టింది ఎంతమంది నోట్లో పోయిందో నాకేం తెలుసు?"

"ఊరికంతా ఒకే పండ్ల డాక్టరమ్మా. ఆయన మూసుకొని పోతే పన్ను నొప్పికి అనంతపురం పోవాల్నా?"

"పోండి. ప్రాణాలతో తిరిగొస్తారు గదా."

ఆ సాయంత్రం నాకు కట్టు మార్చడానికి వచ్చింది. మా పొయ్యి మీదే కత్తెర ఉడకబెట్టింది. "సంతకం పెట్టినానక్కా" అన్నాను. తలెత్తకుండానే, "తెలుసు. నీ దవడ నీది, నీ సంతకం నీది. నా నోరు మాత్రం నాది" అంది. ముడి మెత్తగానే వేసింది. గట్టిగా బిగించి ఉంటే బాగుండేది.

విచారణలో ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. బల్ల మీద నా కాగితం ఉంది. నా ఇంటి గోడ ఆనుకుని ఉన్న మనిషి నన్ను అబద్ధాలకోరు అని ఒక్క మాట అనలేదు. జీతం దగ్గర గొడవ మనసులో పెట్టుకుని చెబుతోందని రాసుకుని ఆఫీసరు వెళ్లిపోయాడు. చనిపోయినామె మొగుడు బయట వాకిట్లో చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నర్సమ్మ అందరూ వినేట్టుగా అతనితో చెప్పింది: "నీ పెండ్లాం పోయింది రాత బాగలేక కాదప్పా. పట్టకారు ఉడకబెట్టలేదు, అందుకే పోయింది. నేను చెప్పినా. వాళ్లు రాసుకోలేదు. నీకైనా తెలియాల."

ఆ నెలే ఉద్యోగం పోయింది. ఇంకే డాక్టరూ చేర్చుకోలేదు. ఇల్లిల్లూ తిరిగి సూదులు వేసి బతికింది. ఎవరింటికి పోయినా మొదటి మాట, "పొయ్యి ముట్టించండి."

కానీ ఆ వాకిట్లో ఆమె అన్న మాట ఊరంతా పాకింది. క్లినిక్కులో కూర్చున్న ప్రతి మనిషీ నోరు తెరిచే ముందు "ఉడకబెట్టినారా సార్?" అని అడగడం మొదలుపెట్టాడు. జనం తగ్గాక కొత్త స్టవ్వు వచ్చింది, పెద్ద గిన్నె వచ్చింది, ప్రతి మనిషికీ మరిగించిన పనిముట్లే వాడుతామని బోర్డు వచ్చింది. ఆమెను వెళ్లగొట్టి, ఆమె పద్ధతిని ఉంచుకున్నారు. దాన్నే మొన్న శవం ముందు నిలబడి తమ గొప్పగా చెప్పుకున్నారు.

షావుకారు రెండేళ్లకే మాకు పట్టు ఇవ్వడం మానేశాడు. నా సంతకం విలువ అంతే.

డాక్టరుగారూ, ఇది మీరు చదువుతారు. ఆ రోజు మీరు పట్టకారు ఉడకబెట్టలేదు. నేను కుర్చీ పక్కనే నిలబడి చూశాను. ఆ కాగితంలో ఉన్నది అబద్ధం. కింద ఉన్న సంతకం నాదే. ఈ మాట ఆమె బతికుండగా, నాలుగడుగుల దూరంలో ఉన్న ఆమె గుమ్మంలో నిలబడి చెప్పలేకపోయాను. మీ మీద ఎంత కోపం ఉందో, నా మీద అంతకు రెండింతలుంది.

సమాధి చేసి వచ్చిన మరుసటి రోజు పొద్దున ఆమె అరుగు మీద ఒక పడుచు కూర్చుని ఉంది. లేపాక్షి అవతల ఏదో పల్లె. ఒళ్లో జ్వరంతో బిడ్డ, పిడికిట్లో సూదిమందు చీటీ. "అన్నా, నర్సమ్మ యాడికి పోయింది? ఎప్పుడొస్తాది?" అని అడిగింది.

చెప్పాను. ఆమె తలుపుకున్న తాళం వైపు చూసింది, చీటీ వైపు చూసింది. లేవలేదు. ఎండ అరుగు మీదికి ఎక్కుతుంటే బిడ్డను కొంగు కిందికి లాక్కుని, నీడ జరిగినంత మేరా గోడవారగా జరుగుతూ అక్కడే కూర్చుంది.