ముప్పై డిగ్రీల రోడ్డు

నాకు కుదురు లేదని మా అమ్మ కనబడినవాళ్లందరికీ చెప్పేది. అబద్ధమేం కాదు. పావుగంట ఒకచోట కూర్చుంటే కాళ్లు వాటంతటవే ఊగడం మొదలుపెడతాయి. అలాంటివాణ్ని, ఆ వేసవి రెండు నెలలూ ఒకే కుర్చీలో కూర్చుని ఒకే ఒక్క అంకెతో కుస్తీ పట్టానంటే, ఇందులో ఏదో మతలబు ఉందని ఇంట్లోవాళ్లకి అప్పుడే అనుమానం రావాల్సింది.

రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయి ఉంటుంది. విజయవాడలో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. నా డిప్లొమా అయిపోయింది. అసిస్టెంట్ డ్రైవర్ ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కాను. ఇక మిగిలింది మెడికల్ ఒక్కటే. అందులో అన్నిటికన్నా ముఖ్యం కళ్లు. కళ్లద్దాలు లేకుండా, దూరంగా నిలబడి, గోడ మీది చార్టు చివరి వరస దాకా చదవాలి. చదవలేకపోతే ఇంజన్ మెట్టు కూడా ఎక్కనివ్వరు.

మా నాన్న ఒకప్పుడు ఇంజన్ డ్రైవరే. నేను ఆరో ఏడో చదువుతుండగా, చూపు తగ్గిందని ఆయన్ని ఇంజన్ మీద నుంచి దించేసి షెడ్డు ఆఫీసులో బల్ల ముందు కూర్చోబెట్టారు. మా ఇంట్లో ఆ సంగతి ఎప్పుడొచ్చినా "దించేశారు" అనే అనుకునేవాళ్లం. అమ్మ అయితే మొహం కూడా ఎరగని ఆ డాక్టర్ని తిట్టని రోజు లేదు. "ఆ కాగితం మీద సంతకం పెట్టిన చెయ్యి విరిగిపోనూ" అనేది. నాన్న లేచి వీధిలోకి వెళ్లిపోయేవాడు. కాబట్టి ఆయన దిగిన మెట్లు నేను ఎక్కాలి. ఈ మాట ఎవరూ పైకి అనలేదు, అనక్కర్లేకపోయింది కూడా.

నా కళ్ల మీద ఇంట్లో కర్ఫ్యూ ఉండేది. రోజు విడిచి రోజు పొన్నగంటి కూర. కంప్యూటర్ కొన్నప్పుడు తెరకి అడ్డంగా ఒక నల్లటి అద్దం తగిలించారు. అది చాలదన్నట్టు నాన్న తెర నుంచి నాలుగడుగులు కొలిచి గచ్చు మీద సుద్దతో గీత గీశాడు. కుర్చీ ఆ గీత దాటి ముందుకి రాకూడదు. తుడిచిపోతే మళ్లీ గీసేవాడు. ఒళ్లు మండిపోయేది నాకు. పదిహేనంగుళాల తెరని నాలుగడుగుల దూరం నుంచి చూడమంటే ఏం చూస్తాం, నా బొంద!

ఆ తెర మీద నేను ఆడేది కార్ల రేసు. అలాంటిలాంటి ఆట కాదు. టైరు వేడెక్కడం దగ్గర్నుంచి బ్రేకు జారడం దాకా అచ్చం నిజం బండిలా ఉండేది. వన్ టౌన్‌లో పాత కంప్యూటర్లు అమ్మే ఒక భాయ్ దగ్గర స్టీరింగ్ కొన్నాను. అమ్మ ఇస్త్రీ బల్లకి దాన్ని బిగించి, వైరు అతుకేసి గీత దాకా లాక్కున్నాను.

అంతా బాగానే ఉంది గానీ, మలుపు వచ్చిన ప్రతిసారీ బండి తీసుకెళ్లి గోడకి కొట్టేవాణ్ని. వెళ్లి భాయ్‌ని అడిగితే, ఫీల్డ్ ఆఫ్ వ్యూ సరిచేసుకోమన్నాడు.

"కిటికీ అనుకో తమ్ముడూ. కిటికీని ఆనుకుని నిలబడితే వీధి మొత్తం కనబడుద్ది. వెనక్కి జరిగితే ఎదురింటి తలుపొక్కటే కనబడుద్ది. నీ తెర కూడా కిటికీయే. అందులో ఎంత వెడల్పు లోకం చూపించాలో ఆ అంకె చెప్తది. నువ్వెంత దూరంగా కూర్చుంటే అంత తగ్గించాలి. ఇంతకీ ఎంత దూరంలో కూర్చుంటావు?"

"నాలుగడుగులు."

భాయ్ కాలిక్యులేటర్ తీసి ఏదో నొక్కి, పగలబడి నవ్వాడు. "పదమూడు డిగ్రీలు! బైనాక్యులర్స్ పెట్టుకుని బండి తోలినట్టే. మీ నాన్నకి దణ్ణం పెట్టి కుర్చీ ముందుకి జరుపుకో."

అది జరిగే పని కాదు గనక అంకె మీద పడ్డాను. ఆట మొదట్లో ఇచ్చేది డెబ్బై ఐదు. అక్కడ పెడితే రోడ్డు వెడల్పుగా, రెండు వైపులా చెట్లు రివ్వున వెనక్కి పోతూ, ఒంట్లో హుషారు పుట్టేది. కానీ మలుపు ముందు నిలబెట్టిన బోర్డులు ఆవగింజంత అయిపోయేవి. రెండొందలు, నూట యాభై, వంద అని మలుపు ఎంత దూరంలో ఉందో చెప్పే బోర్డులవి. బ్రేకు ఎక్కడ తొక్కాలో వాటిని చూసే తెలుసుకోవాలి. అరవైకి తగ్గించాను. నలభై ఐదుకి తగ్గించాను. ముప్పైకి వచ్చేసరికి బోర్డులు పెద్దవై దగ్గరికొచ్చాయి గానీ పక్కన ఏముందో కనబడటం మానేసింది. ఎడమ పక్కన వచ్చే బండి నాకు గుద్దుకున్నాకే తెలిసేది. మళ్లీ ముప్పై ఐదు. కాదు, ముప్పై రెండు. అబ్బే, నలభై. పొద్దున పెట్టిన అంకె మధ్యాహ్నానికి నచ్చేది కాదు. కాలుగాలిన పిల్లిలా తెరకీ కుర్చీకీ మధ్య తిరిగేవాణ్ని. అన్నానికి పిలిస్తే అమ్మ మీద అరిచేవాణ్ని.

అసలు సంగతి చెప్పేస్తాను. తప్పు అంకెది కాదు, దూరానిదీ కాదు. నాకు కనబడటం లేదు. ఏడాది బట్టీ బస్సు వచ్చి ముందు ఆగేదాకా దాని మీది ఊరు పేరు చదవలేకపోతున్నాను. మైలవరం బస్సనుకుని ఎక్కి ఇంకెక్కడో దిగిన రోజులున్నాయి. నాతో నేను కూడా ఒప్పుకోలేక, అంతా ఆ సెట్టింగులో ఉందని నమ్మాను. సరైన డిగ్రీ దొరికితే చాలు, బోర్డు కనబడుతుంది. బోర్డు కనబడితే నా కళ్లు బాగున్నట్టే.

ఇదిలా ఉండగా నాన్నకి ఆ ఆట మీద ఇష్టం పుట్టింది. ఆఫీసు నుంచి రాగానే కళ్లద్దాలు తుడుచుకుని, నా వెనక నవారు మంచం మీద చేరేవాడు.

"ఇంజన్లో ఎట్టా చేస్తారో తెలుసా? సిగ్నల్ కనబడగానే అసిస్టెంట్ పైకి అరవాలి. డ్రైవరు కూడా తన కళ్లతో చూసుకుని అదే మాట తిరిగి అనాలి. వాడు చూశాడు గదా అని వీడు ఊరుకోగూడదు. నువ్వు బోర్డు చూసి చెప్పు, నేను తిరిగి చెప్తా. మెడికల్ అయ్యేలోపు నోరు తిరుగుద్ది."

కనబడని బోర్డుని చూసి ఏం చెప్తాను! కానీ మనం తక్కువవాళ్లమా? ఆ రోడ్డు మొత్తం బట్టీ కొట్టేశాను. ఎడమ పక్క ఎర్రటి మచ్చ ఒకటి దాటాక ఒకటీ, రెండూ అని లెక్కపెట్టి "రెండొందలు" అనేవాణ్ని. వెనక నుంచి నాన్న "రెండొందలు" అనేవాడు. "నూట యాభై." "నూట యాభై." అలా అంటున్నప్పుడు ఆయన గొంతు మారిపోయేది, ఇంట్లో మేమెప్పుడూ వినని గొంతు. మావాడిది గద్ద చూపని ఆఫీసులో అందరికీ చెప్పాడట. అది విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

మెడికల్ ఇంకో పది రోజులుందనగా ఒక ఆదివారం మధ్యాహ్నం, భోంచేసి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆట పెట్టి ఉంది. నాన్న మంచం మీద ఉన్నాడు. కూర్చుని చూస్తే రోడ్డు మైదానమంత వెడల్పుగా ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సెట్టింగు మొదటికొచ్చేది, అదే అయుంటుందనుకున్నాను. ఆయన ముందు మళ్లీ తగ్గిస్తే ఎందుకని అడుగుతాడు. ఆ భయంతో అలాగే బయల్దేరాను.

"రెండొందలు" అన్నాను. వెనక నుంచి జవాబు లేదు.

"నూట యాభై." లేదు.

"వంద." బ్రేకు తొక్కాను. బండి చక్కగా తిరిగింది. గర్వంగా వెనక్కి తిరిగితే మంచం ఖాళీ. నాన్న నా కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాడు.

"నాకు కనబడలేదురా" అన్నాడు. "అద్దాలు పెట్టుకుని నీ పక్కనే నిలబడ్డా కనబడలేదు. ఆ అంకె వందకి పెట్టింది నేనే. ఎవరికీ కనబడకూడదనే పెట్టా. నీకెట్టా కనబడినయ్?"

దొరికిపోయినవాడికి కోపం ఎక్కువ. స్టీరింగ్ మీద గుద్దాను. ఇదేం ఇల్లు, ఇదేం గీత, ఇదేం కూర అని నోటికొచ్చినట్టు అరిచాను. అరిచి అరిచి, చివరికి "కనబడట్లేదు! ఏడాదై కనబడట్లేదు!" అన్నాను. ఆగలేదు, ఇంకోటి కూడా చెప్పేశాను. వన్ టౌన్‌లో ఒక కళ్లద్దాల కొట్లో వేలాడే చార్టు దగ్గర నిలబడి, చివరి వరస కంఠతా పట్టాను. ఇటునుంచి అటూ చెప్పగలను, అటునుంచి ఇటూ చెప్పగలను. మెడికల్లోనూ అదే చార్టట.

చెంప పగులుతుందనుకున్నాను. నాన్న మంచం మీద కూలబడి, "నాకూ వచ్చురా ఆ వరస" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"డ్రైవర్లకి మధ్యమధ్యన మెడికల్ పెడతారు గదా, రెండుసార్లు అట్టానే గట్టెక్కా. ఒకరోజు పొద్దున్నే ప్యాసింజర్ తీసుకొస్తన్నా. కొండపల్లి దాటాం. వాన. అక్కడి సిగ్నలు నాకు ఎప్పుడూ గ్రీనే దొరికేది. ఆ అలవాటునే గ్రీన్ అని అరిచా. పక్కనోడు కొత్తోడు. పెద్దాయన అన్నాడు గదా అని వాడూ గ్రీనన్నాడు. దగ్గరికొచ్చాక చూస్తే ఎల్లో, అంటే ముందు సిగ్నలు రెడ్డు." కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "బ్రేకేశా. ఆగింది. ఎవరికీ ఏం కాలా, ఎవరికీ తెలియలా. వెనక బోగీల్లో జనం టిఫిన్లు తింటన్నారు. మర్నాడు నేనే డాక్టరు దగ్గరికి పోయి చెప్పా. నన్నెవరూ దించలేదురా. నేనే దిగా."

వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉందని అప్పుడు చూశాం. "ఇన్నేళ్లూ పాపం ఆ డాక్టర్ని నాచేత తిట్టించారా?" అంది.

"నువ్వు తిడతంటే నాకు బాగుండేది" అన్నాడు నాన్న తలొంచుకుని. అమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నాకు మాత్రం ఎవరో వీపు మీద నుంచి మూట దించినట్టయింది, ఆ వెంటనే ఆయన మొహం చూసి సిగ్గేసింది.

"మెడికల్‌కి వెళ్లు. వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు.

వెళ్లాను. నాన్న కూడా వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపల డాక్టరుగారు నా ఒక కన్ను మూయించి చదవమన్నారు. నేను కంఠతా పట్టిన చార్టే అది. మూడు వరసలు చదివి ఆపేశాను. "కంగారు పడకండి, నిదానంగా చూసి చెప్పండి" అన్నారాయన. మంచివాడు. నాలుక చివరిదాకా వచ్చిన అక్షరాల్ని మింగేసి, "కనబడట్లేదండీ" అన్నాను. రెండో కంటికీ అదే మాట.

బయటికి రాగానే నాన్న లేచి నిలబడ్డాడు.

"చివరి వరస?"

"కనబడలేదు నాన్నా."

"దాని పైది?"

"అదీ లేదు."

"కాస్త కళ్లు చికిలించి చూసినా?"

ఉన్నదున్నట్టు చెప్పమన్నది ఆయనే. ఇప్పుడు ఒక్కో వరసకీ బేరమాడుతున్నదీ ఆయనే. నా మొహంలోకి చూస్తూ ఇంకా ఆశగా నిలబడి ఉన్నాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "చికిలించి చూసినా లేదు" అన్నాను. నాన్న తలాడించాడు. ఆ వరసలో ఏ అక్షరాలున్నాయో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఒక్కటీ పైకి అనకుండా ఇద్దరం బస్సు కోసం నిలబడ్డాం.