గేటు దగ్గర నేను కూర్చుంటానన్న గంట

ఆ ఆదివారం పదకొండు దాటాక మా కింది ఫ్లాటాయన తలుపు కొట్టి, "సార్, మీ కారుకు అద్దాలున్నయా?" అని అడిగాడు. నిద్రలోంచి లేచిన నాకు ఆ ప్రశ్న తల్లోకి ఎక్కలేదు. కారుకు అద్దాలు ఉండక ఎక్కడికి పోతాయి అనుకుంటూ చెప్పులు లేకుండానే కిందికి దిగాను.

పార్కింగులో నా కారుకు రెండు వైపులా సైడు అద్దాలు లేవు. కుడివైపుది స్క్రూలు విప్పి, వైరు కత్తిరించి, నీటుగా తీశారు. ఎడమవైపుది పట్టి గుంజినట్టుంది. రేకు వంగిపోయి, నల్లటి ప్లాస్టిక్ ముక్కలు నేల మీద పడి ఉన్నాయి. కింది ఫ్లాటాయన కారుకూ అద్దాలు లేవు. ఆ పక్కనున్న మా అసోసియేషన్ ప్రెసిడెంటు కొత్త కారుకు మాత్రం అద్దాలు భద్రంగా ఉన్నాయి. కానీ ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా మేకుతో గీసినట్టు ఒకే పొడుగాటి గీత ఉంది.

నేను పటాన్‌చెరులో పంపు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పని చేస్తాను. ఇనుము మీద గీత పడితే అది ఏ మెషిను దగ్గర పడిందో చూసి చెప్పడం నా రోజువారీ పని. అక్కడ మాత్రం ఏమీ చెప్పలేకపోయాను. అద్దాల కోసం వచ్చినవాడు గీత ఎందుకు గీశాడు? కోపంతో గీసినవాడైతే ఆ కారు అద్దాలు ఎందుకు వదిలేశాడు? ఒకడా, ఇద్దరా?

మొదట చూసింది వాచ్‌మన్. చర్చి నుంచి తిరిగి వచ్చి, ప్లాస్టిక్ ముక్కలు చూసి, కింది ఫ్లాటాయనకు చెప్పాడట. నేను దిగేసరికి తెల్ల చొక్కాలో, చంకలో బైబిలుతో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

అంతకు ముందు జరిగింది ఆయనకూ నాకూ మాత్రమే తెలుసు. పొద్దున పదింటికి మా ఇంటికి వచ్చి, "సార్, ఇయ్యాల బల్ల ఉంది. జెర ఒక గంట పోయొస్త" అని అడిగాడు. నెలలో మొదటి ఆదివారం మా చర్చిల్లో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. నేనూ సంగారెడ్డిలో ఆ బల్ల ముందు మోకరించి పెరిగినవాణ్ణే. కిష్టారెడ్డిపేటలో ఈ ఫ్లాటు తీసుకున్నాక వెళ్ళడం మానేశాను. క్రైస్తవులమని ఇక్కడ దాచలేదు, చెప్పనూ లేదు. ఆ సంగతి వాచ్‌మన్‌కు ఎలా తెలిసిందో గానీ, అందరి ముందు "నమస్తే సార్" అనేవాడు, లిఫ్టు దగ్గర ఎవరూ లేకపోతే మెల్లగా "వందనాలు" అనేవాడు. నేను తల ఊపేవాణ్ణి.

"పో అన్నా, నేను కూసుంట గేటు కాడ," అన్నాను. అసోసియేషన్ సెక్రెటరీని నేనే కాబట్టి నా మాట చాలు. నా బదులు ఆయన చర్చికి వెళ్తున్నట్టు ఏదో తృప్తి కూడా కలిగింది. ప్లాస్టిక్ కుర్చీలో ఓ పది నిమిషాలు కూర్చున్నాను. ఫోన్‌లో చార్జింగు అయిపోతే పెట్టి వద్దామని పైకి వెళ్ళాను. ముందురోజు డబుల్ డ్యూటీ చేసిన ఒళ్ళు, మంచం మీద వాలగానే నిద్ర పట్టేసింది. కింది ఫ్లాటాయన తలుపు కొట్టేదాకా మెలకువ లేదు.

సాయంత్రం నాలుగింటికి పార్కింగులోనే కుర్చీలు వేసి మీటింగు పెట్టారు. కెమెరా రికార్డింగు సంగతి ఎవరో అడిగారు. వానలప్పుడు పాడైంది, మెకానిక్‌కు చెప్పానన్నాను. చెప్పలేదు. అందరూ నమ్మి వాచ్‌మన్ వైపు తిరిగారు.

"పొద్దుగాల యాడున్నవ్?" అన్నాడు ప్రెసిడెంటు.

"చర్చికి పోయిన సార్."

"ఎవర్నడిగి పోయినవ్?"

వాచ్‌మన్ నా వైపు చూశాడు. ఎక్కువసేపు కాదు. స్టాపులో నిలబడినవాడు బస్సు కనిపిస్తుందేమోనని ఒకసారి తల తిప్పినంతసేపే. నేను నేల మీది ప్లాస్టిక్ ముక్కలు చూస్తున్నాను.

"పోయిన సార్. తప్పయింది," అన్నాడు.

"మొన్న కారు సరిగ తుడువలేదని తిట్టిన గదా, గా కోపం నా బండి మీద తీసినవా?"

"నేను బండి ముట్టలే సార్."

మొదటి అంతస్తులో ఉండే పెద్దావిడ లేచింది. ఈ ప్లాట్లు పడక ముందు నుంచీ వాళ్ళు ఈ ఊరివాళ్ళే. వాచ్‌మన్ అంటే ఆమెకు ఇష్టమే. పండగకు చేసినవన్నీ మెట్ల కింద వాళ్ళుండే గదికి పంపేది. "ఉట్టిగ లొల్లి ఎందుకు? దేవుని కాడ దీపం ఆర్పి ప్రమాణం చెయ్యమనుండ్రి. ఆర్పిండంటె తీయనట్టే. మా దిక్కు గిట్లనే తెంపుతం," అని, గేటు పక్కన గూట్లో ఉన్న దేవుడి పటం ముందు తనే దీపం వెలిగించింది. ఆయన్ని కాపాడాలనే ఆమె ఆ పని చేసింది. మిగతావాళ్ళకూ అది న్యాయంగానే తోచింది.

వాచ్‌మన్ కదల్లేదు. "నేను ఒట్టు పెట్టనమ్మా."

"పోనీ నీ దేవుని మీదనే పెట్టు. ఆ బైబిలు మీద చెయ్యేసి చెప్పు."

"దాని మీద గూడ పెట్టరాదమ్మా. తీయలే అంటె తీయలే. గంతే."

"కోర్టుల పెద్ద పెద్దోళ్ళే పెడ్తరు కదనే," అన్నారు వెనక నుంచి ఎవరో. "ఈన కోర్టు కంటె పెద్దోడు మల్ల." కొందరు నవ్వారు.

"బిడ్డ మీద పెట్టు. పదో తరగతి పిల్ల, దాని మీద అబద్ధమాడవు కదా," అంది పెద్దావిడ. ఆమె గొంతులో బతిమాలుతున్నట్టుంది.

"బిడ్డ మీద అసలే పెట్టనమ్మా."

దీపం అలాగే వెలుగుతోంది. ఆర్పే మనిషి లేడు. ఆ దీపం వంక చూస్తూ అక్కడున్న అందరూ ఒక నిర్ణయానికి వచ్చేశారు.

ఆయన ఎందుకు ఒట్టు పెట్టడో ఆ మనుషుల్లో నాకొక్కడికే తెలుసు. చిన్నప్పుడు ఆటలో "అమ్మతోడు" అన్నందుకు మా నాయనమ్మ నా పెదాల మీద రెండు వేళ్ళతో కొట్టింది. నమ్మేవాళ్ళకు మాట చాలు, ఒట్టు పాపం అని నేర్పిన ఇల్లు మాది. నేను రెండు ముక్కలు చెబితే సరిపోయేది. ఒకటి, వాళ్ళలో ఒట్టు పెట్టరు. రెండు, గేటు వదిలి పొమ్మన్నది నేనే. రెండూ నోటిదాకా వచ్చాయి. ఎందుకు ఆగిపోయాయో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. నిద్రపోయానని తెలుస్తుందనా? నీకెలా తెలుసని అడుగుతారనా? లేక, ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది, అప్పటికే నాకూ ఆయన మీద ఒక మూల అనుమానం పుట్టిందా? గేటు దగ్గర ఎవరూ లేరని నాకు తెలిసి కూడా ఆ అనుమానం ఎలా పుట్టింది?

"పరీక్షలయ్యేదాంక గదిల ఉండనియ్యుండ్రి సార్," అని ఒక్కటే అడిగాడు వాచ్‌మన్. ప్రెసిడెంటు పది రోజులిచ్చాడు. మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాయాల్సింది సెక్రెటరీగా నేను. "అనుమతి లేకుండా గేటు విడిచి వెళ్ళినందున వాచ్‌మన్‌ను తొలగించడమైనది" అని రాసి సంతకం పెట్టాను. ఆ అక్షరాలు చాలా పొందికగా వచ్చాయి.

వాళ్ళు ఏడో రోజే వెళ్ళిపోయారు.

తర్వాత ఒకరోజు, అద్దాల గురించి ఫిర్యాదిచ్చిన పోలీస్ స్టేషన్ నుంచి పిలుపొచ్చింది. ఎవరినో పట్టుకున్నారట, దొరికిన అద్దాల్లో మీవి ఉన్నాయేమో చూసుకోమన్నారు. బల్ల మీద పాతిక ముప్పై అద్దాలు పరిచి ఉన్నాయి. నావి ఏవో గుర్తుపట్టలేకపోయాను. ఆరేళ్ళు రోజూ ఆ అద్దాల్లోకి చూశాను, కానీ చూసింది వెనకొచ్చే లారీలనే. "ఇవి కావు" అనడానికీ ధైర్యం చాలలేదు. తెలియదని రాసిచ్చి వచ్చాను. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "ప్రెసిడెంటు కారు మీద గీత శనివారం గూడ ఉండె గదా," అంది.

"మరి అప్పుడెందుకు చెప్పలే?"

"నన్నెవరడిగిండ్రు?" అంది. మళ్ళీ తనే, "శనివారమో, అంతకు ముందో, నాకు గూడ సరిగ యాదికి లేదు," అంది.

ఆమెకే పటాన్‌చెరు మార్కెట్‌లో వాచ్‌మన్ భార్య కనిపించింది. ఆయన రుద్రారంలో ఒక హాస్టల్ గేటు దగ్గర ఎవరికో బదులుగా పని చేస్తున్నాడట. కర్దనూర్ దగ్గర ఒక కంపెనీలో గార్డు ఉద్యోగం ఉందట, పాత చోటు నుంచి మంచివాడని కాయితం తెస్తేనే తీసుకుంటామన్నారట. ఆ కాయితం అడగడానికి మా గేటుదాకా వచ్చి, లోపలికి రాకుండా రెండుసార్లు వెనక్కి పోయాడట.

అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద రాసుకుని రుద్రారం వెళ్ళాను. నన్ను చూసి లేచి, "నమస్తే సార్," అన్నాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు.

"ఆనాడు నేను చెప్పాల్సింది అన్నా. చెప్పలే. నన్ను మన్నించు."

"మన్నించిన సార్. ఆనాడే మన్నించిన." కుర్చీ నా వైపు జరిపాడు. "గని గది ఖాళీ చేసేటప్పుడు మల్ల కోపమొచ్చింది. మల్ల మన్నించిన. గట్ల ఇంకా నడుస్తనే ఉంది."

కాయితం ఇచ్చాను. వేలు పెట్టి వరసన చదివాడు. నాలుగేళ్ళు నమ్మకంగా పని చేశాడనీ, ఆ రోజు నా అనుమతితోనే వెళ్ళాడనీ, కాపలా ఉంటానని చెప్పి ఉండకపోయిన తప్పు నాదేననీ రాశాను. రాస్తున్నప్పుడు నాకు చాలా తేలికగా అనిపించింది.

"ఈ ఆఖరు మాటలు తీసేయుండ్రి సార్."

"అదే కదా నిజం?"

"నిజమే. గని కంపెనీ ఆయన గిది సదివితె ఏమనుకుంటడు? అడిగి అడిగి గేటు ఇడిసిపోయేటోడు అనుకుంటడు. మంచిగ చేసిండు అని రాయుండ్రి, సాలు. మీ తప్పు ఒప్పుకోవాల్సింది ఆడ, నా కాయితంల కాదు."

ఇంకో లెటర్‌హెడ్ తెచ్చుకోలేదు. పక్క షాపులో తెల్ల కాగితం కొని, ఆయన పెన్నుతోనే మళ్ళీ రాశాను. అందులో నా తప్పు లేదు. అది ఆయనకు మేలు చేసే కాగితం, నా తప్పును కప్పేసే కాగితం కూడా. మంచి పని చేశానో, రెండోసారి దాక్కున్నానో తెలియక బండి ఎక్కాను.

తర్వాతి మీటింగులో మినిట్స్ పుస్తకం తెరిచి, "అనుమతి లేకుండా" కొట్టేసి "నా అనుమతితో" అని రాసి, అందరికీ చదివి వినిపించాను. నిద్రపోయిన సంగతీ, కెమెరా మెకానిక్ సంగతీ చెప్పాను. ఒట్టు ఎందుకు పెట్టలేదో చెప్పాను.

పెద్దావిడ నా వైపు తిరిగింది. "నేను దీపం పెడుతుంటె కూడ సూసుకుంట కూసుంటివా బిడ్డా," అంది.

"సరే, మరి అద్దాలు తీసిందెవరు?" అన్నాడు ప్రెసిడెంటు.

"తెల్వదు."

"నా బండి గీసిందెవరు?"

"తెల్వదు."

"మరి ఇప్పుడేం చేద్దామంటరు?"

ఆయన్ని మళ్ళీ పిలుద్దామన్నాను. కొంత గొణుగుడు తర్వాత సరేనన్నారు. అక్కడి నుంచే ఫోన్ చేసి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాను. కర్దనూర్‌లో చేరి వారమైందట. విషయం చెప్పాను.

"వద్దు సార్," అన్నాడు. "ఈడ ఆదివారం సెలవిస్తుండ్రు."

అది కూడా పుస్తకంలో రాయాలా, వద్దా? ఎవరినైనా అడగాలనుకున్నాను. ఎవరిని అడగాలో తోచక, పెన్ను మూత తీసి పట్టుకుని అలాగే కూర్చున్నాను.